రెందాంగ్ వెంట వచ్చిన యుస్మనియార్

యుస్మనియార్ ఇండోనేషియాలోని పాయకుంబు నుంచి కౌలాలంపూర్ వచ్చిన కొత్తలో ఏ దుకాణం వాడూ ఆమెను కూర్చోమని కూడా అనలేదు. కొబ్బరిపాలలో నల్లబడేదాకా మగ్గించిన గొడ్డుమాంసం రెందాంగ్‌ని పొట్లాల్లో సీలు వేసి తెచ్చింది. ఊళ్లో ఆమె, భర్త షఫ్రిజాల్, ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్లు కలిసి ఇంట్లోనే వండేవారు. దిగుమతి లైసెన్సు ఏది, తేడా వస్తే పూచీ ఎవరిది అని ఇక్కడివాళ్లు అడిగితే పొట్లాలు సంచిలో సర్దుకుని బయటికొచ్చేసేది.

చివరికి చౌ కిట్ మార్కెట్లో, ఆమె ఊరివైపు నుంచే వచ్చి స్థిరపడిన మా మినాంగ్ జాతి వర్తకుల సంఘానికి వచ్చింది. నాదీ అక్కడే, బట్టల కొట్టు. మా సంఘం పెద్ద దాతుక్ మరాజో ఒక పొట్లం విప్పించి తిన్నాడు, చేయి కడుక్కుని ఫోన్లు చేయడం మొదలుపెట్టాడు. లైసెన్సు ఉన్నవాడొకడు, గోదాం ఉన్నవాడొకడు, పక్క ఊరు షా ఆలంలో హోటళ్లకు సరుకు వేసేవాడొకడు. అందరూ మావాళ్లే. ఏడాది తిరిగేసరికి ఆమె పొట్లాలు పెద్ద దుకాణాలకెక్కాయి. ఆ తర్వాత బ్రూనైలో ఉన్న మావాళ్లూ అడిగారు.

ఇక ఇంటికెళ్లిపోతానంది యుస్మనియార్. దాతుక్ ఒప్పుకోలేదు.

"నీ సరుకుని చూసి కాదమ్మాయ్, నిన్ను చూసి తలుపు తీశారు. రేపు ఏదన్నా తేడా వస్తే నిలదీయడానికి మనిషి ఇక్కడ ఉండాలిగా" అన్నాడు.

అది నిజమే. ఆమె ఉండిపోయింది, మార్కెట్ వెనక మేడమీద ఒక్క గదిలో. సంఘంలో ఎవరింట పెళ్లయినా పిలిచేవాళ్లం, వచ్చేది. భోజనాల దగ్గర పక్కన కూర్చున్నవాళ్లు సరుకు సంగతే ఎత్తేవారు. షఫ్రిజాల్ మొదట్లో ఫోన్లో కోళ్లు గుడ్లు పెట్టిన సంగతి కూడా చెప్పేవాడట. పోనుపోను ఎన్ని పెట్టెలు, ఓడ ఎప్పుడు అన్నంతవరకే మిగిలింది.

ఒకసారి చెప్పకుండా ఊరెళ్లింది, ఇక రాకూడదనే అనుకుని. వంటిల్లు ఉన్నచోట పెద్ద షెడ్డు లేచింది. పెద్ద పెద్ద స్టీలు గిన్నెలు, అన్నీ కొత్త మొహాలే. చేతులు ఊరుకోక ఒకామె దగ్గర గరిటె తీసుకుని కలపబోయింది. ఆమె మర్యాదగా గరిటె వెనక్కి తీసుకుంది.

"మీ బట్టలు పాడవుతాయండీ. మీరెవరో చెబితే సార్‌ని పిలుస్తాను."

ఇంతలో షఫ్రిజాల్ పరుగున వచ్చాడు. "కౌలాలంపూర్ పార్టీ దిగిందే!" అన్నాడు నవ్వుతూ. అందరూ నవ్వారు, యుస్మనియార్ కూడా నవ్వింది. చుట్టాలకోసం దాచే గాజుగ్లాసుల్లో ఆమెకు టీ ఇచ్చారు.

సాయంత్రం భర్తని అడిగింది, నేనిక్కడే ఉండిపోతే ఏమంటావని.

"మరి అక్కడ మనకెవరున్నారు?" అన్నాడతను.

"ఇక్కడ ఎవరున్నారు?"

అతను షెడ్డుకి తాళం వేయడానికి లేచాడు. ఆ వారమే ఆమె తిరిగొచ్చేసింది.

వచ్చిన మర్నాడు మాంసం, కొబ్బరికాయలు కొనుక్కొచ్చి గదిలోనే చిన్న స్టవ్వు మీద రెందాంగ్ పెట్టింది. ఈ దేశం వచ్చాక తన చేత్తో వండటం అదే మొదలు. మధ్యాహ్నానికి గదంతా పొగ. ఎవరో తలుపు కొట్టారు. పక్కగదిలో ఉండే బర్మా ఆమె, సాండా, లాండ్రీలో పనిచేస్తుంది. ఇన్నేళ్లలో ఇద్దరూ మెట్లమీద తప్పుకుని దారివ్వడమే తప్ప మాట్లాడుకున్నది లేదు.

"ఏదో మాడిపోతోందనుకుని వచ్చానక్కా."

"మాడటం కాదు. ఇది ఇలాగే అవ్వాలి. కూర్చో."

కారానికి సాండా కళ్లనీళ్లు పెట్టుకుంది, అయినా ఇంకాస్త అన్నం వేయించుకుంది. ఏం వ్యాపారమని గానీ ఎవరి తాలూకని గానీ అడగలేదట. చేయి కడుక్కొచ్చి, "గోడ అవతల తెల్లారగట్ల దగ్గేది నువ్వేనా?" అని అడిగిందట.

"నేనే" అంది యుస్మనియార్.