చుక్కల మందు వేసుకునే వేళ

ఆగస్టు మూడు, ఆదివారం. కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు, కాల్చిన చేప, చేమదుంపలు. చర్చి అయ్యాక భోజనానికి వచ్చిన పాస్టరుగారి పక్కనే పెట్టిన కోకో గిన్నె నాకు కనిపించలేదు. నా మోకాలు తగిలి చాపంతా తడిసింది.

"పెనీనా కలలు కంటోంది, కాస్త లేపండి!" అని నా భర్త అక్క మాలియా వదిన నవ్వింది.

మా సవాయీ దీవిలో మొగుడింట ఉండే కోడలు అందరికీ వడ్డించి, ఈగలు తోలి, చివర తింటుంది. కలలకు తీరికెక్కడ? అయినా వదిన అన్నది పూర్తిగా అబద్ధం కాదు. కొన్నాళ్ళుగా కలలోలాగే తిరుగుతున్నాను. ఎదురుగా ఉన్నది తేటగా కనిపిస్తుంది. పక్కలు మాత్రం వానకు ముందు సముద్రంలా మసకేసి ఉంటాయి. మనుషులు ఆ మసకలోంచి ఊడిపడతారు, మళ్ళీ అందులోనే కరిగిపోతారు.

ఆ తర్వాతి వారం అపియా పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. "గ్లాకోమా. కంట్లో ఒత్తిడి పెరిగి, వెనక పొర నుంచి మెదడుకు చూపును మోసే నరం దెబ్బతింటోంది. ముందు అంచులు పోతాయి. నడిమి చూపు చివరిదాకా ఉంటుంది, అందుకే ఎవరూ నమ్మరు. పోయింది తిరిగి రాదమ్మా. ఉన్నది నిలవాలంటే రోజూ సాయంత్రం ఒకే వేళకు చుక్క వేసుకుని, అయిదు నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చో."

నిజంగానే ఎవరూ నమ్మలేదు. "దారమంత సన్నటి ఈనెలతో చాప అల్లుతావు, నీకు చూపు లేదా?" అన్నాడు నా భర్త ఫెరెతి. "ఒళ్ళు దాచుకోవడానికి డాక్టరు చీటీ కూడానా!" అంది వదిన.

సాయంత్రం ప్రార్థన కాగానే వడ్డన, చుక్క వేళా అదే. ఆరు నెలలు నడుస్తూనే చుక్క వేసుకున్నాను. సగం చెంప మీదికి జారిపోయేది. మళ్ళీ వెళ్ళినప్పుడు డాక్టరమ్మ నా చూపు మేర గీసిన పరీక్ష కాగితం చూపింది. నల్లటి మరక ఇంకాస్త లోపలికి జరిగింది. మధ్యలో తెల్లగా మిగిలినంతే నా లోకం. ఆమె కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, చుక్క వేసుకునే తీరు మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.

అపియా నుంచి తిరిగొచ్చిన ఆ సాయంత్రం ప్రార్థన ముగిశాక కుండల మూతలు తీయలేదు. వెనక గదిలోకి వెళ్ళి, కూర్చుని చుక్క వేసుకున్నాను. మూసిన రెప్పల వెనక లేత పసుపు వెలుగు, దానికి అంచులే లేవు. చిన్నప్పుడు మడుగులో వెల్లకిలా తేలినప్పటిలా ఉంది.

"పెనీనా! తమ్ముడు ఆకలితో కూర్చున్నాడు, ఎక్కడ చచ్చావ్?"

"ఇక్కడే ఉన్నాను వదినా. ఇకమీదట రోజూ ఈ వేళకి ఇక్కడే కూర్చుంటాను. గరిటె కుండ పక్కనే ఉంది."

గుమ్మం దగ్గరికి ఎవరో వచ్చి నిలబడ్డారు. నేను కళ్ళు తెరవలేదు. కొబ్బరినూనె వాసనను బట్టి అత్తమ్మ అని తెలిసింది. నలభయ్యేళ్ళు ఇదే ఇంట్లో చివర తిన్న మనిషి.

"మాలియా, లేచి నువ్వు పెట్టవే," అంది వెనక్కి తిరిగి.

తర్వాత చప్పుడు కాకుండా నా గది తలుపు మూసింది.