టైలరు ఇంటికొచ్చిన ఊట

ఊరి పై వాలులో ఉండే టైలరు పొద్దున్న ఏడింటికల్లా కొట్టు తలుపులు తీసి, మిషనుకి నూనె వేసి, ఓ పాత గుడ్డ మీద నాలుగు కుట్లు వేసి చూసుకుని, ఆ తర్వాతే కాఫీ తాగేవాడు. కొట్టంటే వేరే ఏం లేదు, ఇంటి ముందుగదే. కత్తిరింపుల బల్ల, మిషను, గోడకి కొట్టిన మేకులు, వాటికి వేలాడే కోట్లు. వెనక కిటికీలోంచి చూస్తే వాళ్ళ నాన్న అతని వాటాకి రాసిచ్చిన పచ్చికబీడు.

పనిలో దిట్ట, మనిషీ మంచివాడే. ఎటొచ్చీ ఎవరేమడిగినా కాదనలేడు. "నీకు మీసం బాగుంటుందోయ్" అని మంగలి అన్నందుకు ఏడాది పాటు ఇష్టంలేని మీసంతో తిరిగాడు. ఒకాయన కోటు జేబు వీపు మీద కుట్టమంటే, అక్కడెందుకండీ అని అడగడానికి మొహమాటపడి కుట్టేశాడు. ఊళ్ళో అతనికి సరే టైలరు అని పేరు పడిపోయింది. అలా పిలిచినా పలికేవాడు.

ఆ లోయలో నాలుగు ఊళ్ళకీ కలిపి ఒకటే ఊట. అది ఒకచోట కుదురుగా ఉండే రకం కాదు. రెండేళ్ళు రొట్టెల కొట్లో గల్లాపెట్టె కింద ఉంది. పిండంతా చెమ్మగిల్లుతోందని కొట్టాయన రోజూ సణిగేవాడు. ఒకరోజు చూస్తే అక్కడ పొడినేల, బడి వెనక గోడవారన గలగలలు. ఊట మారినప్పుడల్లా ప్లంబరు గొట్టాలు భుజానేసుకుని బయల్దేరేవాడు. "ఈసారి ఎటు పోయింది?" అని ఎవరైనా అడిగితే, "ఇంకెటు, నా నడుం విరగ్గొట్టే వైపే" అనేవాడు.

గ్యాస్ కంపెనీవాళ్ళు ఆ ఏడాది చలికాలం చివర్లో దిగారు. నేల అడుగున బండరాతి పొరల్లో గ్యాస్ ఉందట. నీళ్ళలో ఏవో మందులు కలిపి, గట్టి ఒత్తిడితో లోపలికి కొట్టి, రాయి పగలగొట్టి పైకి తీస్తారట. కొండకి అవతలి లోయలో అప్పటికే ఆ పని జరిగింది. అక్కడి బావుల్లో నురగ తేలుతోందనీ, ఆవులు తొట్టిలో మూతి పెట్టి వెంటనే తీసేస్తున్నాయనీ పాలబండి డ్రైవరు కళ్ళారా చూసొచ్చి చెప్పాడు. పాలకేంద్రం నడిపేది టైలరు అక్క. ఆ మాట వినగానే కేంద్రానికి తాళం వేసి ఇల్లిల్లూ తిరిగింది. "ఊట పాడైతే మనకింకో దిక్కు లేదు. ఎవరూ సంతకాలు పెట్టకండి" అంది. ఎవరూ పెట్టలేదు.

ఆవిడ తమ్ముడు తప్ప.

కంపెనీ ఏజెంటు దుర్మార్గుడైనా బాగుండేది. చొక్కాకి గుండీ కుట్టించుకోవడానికి వచ్చాడు. మర్నాడు ఊరికే వచ్చి కూర్చున్నాడు. టైలరు చేతిపని మెచ్చుకున్నాడు. టైలరు భార్యకి నడుంనొప్పి అని తెలిసి మందు తెచ్చిచ్చాడు. నాలుగో రోజు కాగితాలు బల్ల మీద పరిచి, "మీ బీడు ఒక్కటే దారి మాస్టారూ. మీరు కూడా కాదంటే నా ఉద్యోగం ఊడిపోతుంది" అన్నాడు. అతని మొహంలోకి చూడలేక టైలరు పెన్ను అందుకున్నాడు.

ఆ సాయంత్రం అక్క వచ్చి గుమ్మంలోనే నిలబడింది. "నేనడిగితే సరే అన్నావు. వాడడిగినా సరే అన్నావు. నీకంటూ ఒక మాట ఉందిరా?" అంది. ఆ తర్వాత నాలుగు నెలలు తమ్ముడితో మాట్లాడలేదు.

ఊరివాళ్ళు బట్టలు పక్క ఊరికి పట్టుకెళ్ళి కుట్టించుకోసాగారు. బీడు గేటు ముందు వంతులవారీగా కూర్చుని కంపెనీ లారీల్ని అడ్డుకున్నారు. అక్క వంతు వచ్చిన రోజు టైలరుకి సూదిలోకి దారం ఎక్కేది కాదు. ఒకరోజు ఆవిడ వానలో తడుస్తుంటే గొడుగు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, కాళ్ళు రాక వెనక్కొచ్చాడు. భార్య ఆ గొడుగు పట్టుకెళ్ళి, అలాగే తిరిగొచ్చింది. "వదిన తీసుకోలేదండీ" అంది.

ఊటకి మూడు వందల మీటర్ల లోపు ఎక్కడా తవ్వకూడదని రూలుంది. నీటి శాఖ ఆఫీసరమ్మ బడి దగ్గరున్న ఊట చూసింది, పైనున్న బీడు చూసింది, దూరం మూడు వందలు దాటిందని పెదవి విరిచింది.

"అది కదుల్తుంది కదా మేడం, రేపు పైకి రావచ్చు కదా" అంది అక్క.

"నాకు తెలీదా అమ్మా? కానీ ఇవాళ ఎక్కడుందో అదే నేను రాయగలిగేది. సోమవారం పొద్దున్న పదింటికి ఆఖరిసారి కొలుస్తాను. ఒప్పందం ప్రకారం కంపెనీ అనుమతి తెచ్చుకోవాల్సిన గడువు కూడా ఆ రోజుతోనే సరి."

సోమవారం టైలరు కొట్లోకి అడుగుపెట్టేసరికి కాలికి చల్లగా తగిలింది. బల్ల కింద రాతిపలక ఒకటి పక్కకి ఒరిగి ఉంది. దాని సందులోంచి నీళ్ళు ఉబికి వస్తున్నాయి. గుడ్డపీలికలు, దారం ముక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి.

"ఏమే, ఇలా రా" అని కేకేశాడు.

భార్య వచ్చి చూసింది. "ముందా కోట్లు పైమేకుకి మార్చండి, అంచులు తడుస్తాయి" అని, తనూ ఒక చెయ్యి వేసింది.

తొమ్మిదింటికి ఏజెంటు వచ్చాడు. గుమ్మంలో ఆగి, నీళ్ళ వంక చూసి, బూట్లు విప్పి చేత్తో పట్టుకుని లోపలికొచ్చాడు. బల్ల కిందికి వంగి చూశాడు. తర్వాత ఎప్పటిలాగే మెల్లగా మొదలుపెట్టాడు.

"మాస్టారూ, దీని మీద ఓ చెక్క వేసి చాప పరిచేద్దాం. ఈ నీళ్ళు నేనే తోడేస్తాను. కింద బడి దగ్గర తడి ఇంకా ఆరలేదు, ఆవిడ వచ్చి అక్కడే కొలుచుకుని వెళ్ళిపోతుంది. ఒక్క గంట. నా మొహం చూసి ఒప్పుకోండి."

టైలరు నాలుక చివరికి ఆ పాత మాట వచ్చేసింది. ఊట కాలివేళ్ళ సందుల్లోంచి పారుతోంది. కుదరదని అతను పుట్టిబుద్ధెరిగి ఎవరితోనూ అనలేదు. ఆ రోజూ అనలేకపోయాడు.

"మీరు కూర్చోండి" అన్నాడు. "కాఫీ తాగుతూ ఉండండి. ఇప్పుడే వస్తాను."

కాళ్ళకి చెప్పులైనా లేకుండా, మోకాళ్ళ దాకా తడిసిన పంట్లాంతో గేటు దాకా పరుగెత్తాడు. అక్కడ పదిమంది దాకా ఉన్నారు. అక్క మడతకుర్చీలో కూర్చుని ఉంది.

"అక్కా, ఊట మా ఇంటికొచ్చింది."

ఆవిడ అతని మొహం చూడలేదు, పంట్లాం చూసింది. "ఎప్పుడు?"

"పొద్దున్నే చూశాను. చెక్క వేసి కప్పేద్దాం అంటున్నాడు."

"నువ్వేమన్నావు?"

"కాఫీ తాగమన్నాను."

వెనకెవరో కిసుక్కుమన్నారు. అక్క నవ్వలేదు. విసురుగా లేచిన ఊపుకి కుర్చీ వెల్లకిలా పడింది.

పదింటికి ఆఫీసరమ్మ వచ్చేసరికి ఊరు సగం టైలరు ముందుగదిలో పాదాలు తడుపుకుంటూ నిలబడి ఉంది. బల్ల కింద నుంచి, వెనక తలుపులోంచి, బీడులో తవ్వాల్సిన చోట కంపెనీవాళ్ళు పాతిన గుంజ దాకా టేపు లాగారు. నూట పన్నెండు మీటర్లు. ఏజెంటు మళ్ళీ కొలవమన్నాడు. మళ్ళీ నూట పన్నెండే.

"అనుమతి ఇవ్వడం కుదరదు" అంటూ ఆఫీసరమ్మ రాసుకుంది. "గడువు కూడా ఇవాళ్టితో సరి కాబట్టి ఆ ఒప్పందం ఇంక చెల్లదు."

"రేపు ఊట ఇక్కణ్ణించి పోతే?" అని పాలబండి డ్రైవరు అడిగాడు.

"పోతే పోనీ. కంపెనీకి మళ్ళీ కొత్త సంతకం కావాలి."

అందరూ టైలరు వైపు తిరిగారు. అతను గోడకి అంటుకుపోయాడు. అక్క అడ్డంగా నిలబడి ఏజెంటుతో, "ఈసారొస్తే ముందు నా దగ్గరికి రావయ్యా. కాఫీ నేనూ పెట్టగలను" అంది. అతను ఏమీ అనుకోలేదు. తాగిన గ్లాసు జాగ్రత్తగా కిటికీలో పెట్టి, బూట్లు చేత్తో పట్టుకునే వాలు దిగి వెళ్ళాడు.

జనం వెళ్ళిపోయాక అక్క గుమ్మం మెట్టు మీద కూలబడింది. టైలరు ఓ జానెడు దూరంలో కూర్చున్నాడు. నాలుగు నెలలుగా తినడమంటే భార్య బాధపడుతుందని నాలుగు ముద్దలు మింగడమే అయింది. ఇప్పుడు ఉన్నట్టుండి కడుపు నకనకలాడింది.

"అక్కా, ఆకలేస్తోంది" అన్నాడు.

"ముందా కాళ్ళు తుడుచుకో, జలుబు చేస్తుంది" అంది ఆవిడ. ఒక్క క్షణం ఆగి, "నాకూ ఆకలేస్తోందిరా" అంది.

"వదినా, ఇద్దరూ లోపలికి రండి" అని భార్య పిలిచింది. "కింద కూర్చోడానికి లేదు. నీళ్ళు ఈ గదిలోకీ వచ్చేశాయి."

ముగ్గురూ మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని, కంచాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నారు. మంచం కింద నుంచి ఊట తన దారిన తను పెరట్లోకి పోతోంది. టైలరు కంచం ఖాళీ చేసి మళ్ళీ పెట్టమన్నాడు. గిన్నె అందుకోవడానికి భార్య దిగబోతుంటే అక్క ఆపి, తన కంచంలోది సగం తమ్ముడి కంచంలోకి తోసేసింది.