ఇలోనా గారి తేనెరంగు గిన్నె

బుధవారం సాయంత్రం గిరిధర్ ఇంటికి వచ్చేసరికి వంటింటి గట్టు మీద గిన్నె లేదు. ఇలోనా గారి దగ్గర్నుంచి తెచ్చి స్టవ్ పక్కన పెట్టానని భార్య హేమశ్రీ మధ్యాహ్నమే ఫోన్ చేసి చెప్పింది.

గిరిధర్ న్యూజీలాండ్‌లోని హామిల్టన్‌లో పాలపొడి పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తాడు. చదువుకోవడానికి వచ్చి ఉండిపోయాడు. జనం దానంగా ఇచ్చిన పాత సామాను అమ్మే ఆప్‌షాపుల్లో గాజు వస్తువులు కొనడం ఆ రోజుల్లోనే మొదలుపెట్టాడు. తర్వాత తర్వాత హంగేరీ గాజు ఒక్కటే కొంటూ వచ్చాడు. దాని మీద పేరుండడం అరుదు. అంటించిన కాగితం చీటీ ఎప్పుడో నీళ్ళలో పోయి ఉంటుంది. ఎక్కడిదో చెప్పాలంటే అడుగు, అంచు, బరువు చూడాలి, వేలికి ఏం తగులుతుందో చూడాలి.

ఇలోనా గారిది రోటోటూనా పేటలో గిరిధర్ వాళ్ళ వీధే, చివరి ఇల్లు. 1957లో హంగేరీ నుంచి తల్లితో శరణార్థిగా న్యూజీలాండ్ వచ్చినప్పుడు ఆమె చిన్నపిల్ల. తండ్రి రాలేదు. తల్లి శాలువాలో చుట్టి తెచ్చింది ఈ గిన్నె. మీ నాన్న కర్త్సగ్ ఊరి కర్మాగారంలో గాజు ఊదేవాడు, ఇది ఆయన చేసిందేనని తల్లి చెప్పేది.

ఆమె ఫోన్‌లో ఫోటో చూపించినప్పుడు గిరిధర్ ఉన్నమాట అన్నాడు. తేనెరంగు గాజు, ఒళ్ళంతా పగుళ్ళు. వేడి గాజును నీళ్ళలో ముంచి ఇలా పగుళ్ళు తెప్పించడం ఇటలీలోనూ ఉంది, అమెరికాలోనూ ఉంది. ఎక్కడిదో చెప్పలేను అన్నాడు. ఆమె ఫోన్ సంచిలో పెట్టుకుంది.

"అయితే చేతిలో పట్టుకుని చూడు. శనివారం మా అమ్మాయి వచ్చి నన్ను టౌరంగాలో తన ఇంటికి తీసుకెళ్ళిపోతుంది. ఈ లోపు చెప్పు."

ఇప్పుడు ఆ గిన్నె లేదు. హేమశ్రీ తల్లి సావిత్రి తెనాలి నుంచి వచ్చి రెండు నెలలైంది. పులిహోర కలిపి, చేతికందిన గిన్నెలో పెట్టి, వెనక వీధిలో ఉండే సీతారత్నానికి పంపించింది.

"గట్టు మీదుంటే గిన్నే అనుకున్నాను బాబూ. నీ బీరువాలో బొమ్మలైతే ముట్టుకుంటానా?"

వెళ్ళి తెచ్చుకుంటానంటే ఆమె ఒప్పుకోలేదు. "పెట్టి పంపిన గిన్నె అడుగుతామా ఎక్కడైనా? అదే వస్తుంది, ఏదో ఒకటి వేసుకుని."

గురువారం రాలేదు. పగుళ్ళలోకి పసుపూ నూనే దిగితే పోవు. గిరిధర్‌కి ఆ రాత్రి అదే ఆలోచన. శుక్రవారం ల్యాబ్ నుంచి నేరుగా సీతారత్నం ఇంటికి వెళ్ళాడు. ఆమె నవ్వుతూ తలుపు తీసి, గిన్నె కోడలు కడిగిందని చెప్పి, కోడల్ని పిలిచింది. బొబ్బట్లు చేశాక పంపిద్దామని ఆగాను, ఇప్పుడే అయ్యాయంది.

కోడలు నవీన వచ్చింది. అతన్ని గ్యారేజీలోకి తీసుకెళ్ళింది. గోడ పక్కన ఖాళీ సీసాలు వేసే ఆకుపచ్చ పెట్టె ఉంది. రోడ్డు మీద పెడితే కౌన్సిల్ లారీ పట్టుకెళుతుంది. సీసాల కింద నుంచి ఆమె ఒక పేపరు పొట్లం తీసింది.

"నూనె వదలట్లేదని కెటిల్‌లో మరిగిన నీళ్ళు పోశాను అన్నయ్యా. జిడ్డు పోయాక చూస్తే అంతా బీటలే. బీటలు వారింది ఇంట్లో ఉంచకూడదు కదా. అత్తయ్యకి చెప్పలేదు. అలాంటిదే కొని ఇచ్చేద్దామని ఆప్‌షాపులన్నీ తిరిగాను."

"దొరకదు," అన్నాడు గిరిధర్.

పొట్లం విప్పాడు. బయటి వైపు గోరుతో గీశాడు. గోరు ఎక్కడా ఆగలేదు. లోపలి వైపు గీశాడు. ఆగలేదు. ట్యూబ్‌లైటు కింద వంచి చూస్తే పగుళ్ళ వల రెండు గాజు పొరల మధ్య ఉంది. పగుళ్ళ వెంట సూదిమొన అంత బుడగలు. పసుపు ఎక్కడా లేదు. దిగడానికి దారే లేదు.

గిరిధర్ బియ్యం బస్తా మీద కూర్చున్నాడు.

"నువ్వు పగలగొట్టలేదమ్మా. నువ్వు పుట్టకముందే కావాలని పగలగొట్టి, పైన ఇంకో పొర గాజు పోశారు. ముసుగు గాజు అంటారు దీన్ని. నాకు తెలిసినంతలో ఇలా చేసింది హంగేరీలో కర్త్సగ్ అనే ఊళ్ళోనే."

నవీన అతని చేతిలోంచి గిన్నె తీసుకుని తనూ గోరుతో గీసి చూసింది. మళ్ళీ గీసింది.

"రెండు రోజుల్నుంచీ అన్నం సయించట్లేదు నాకు," అంది.

గుమ్మంలోంచి సీతారత్నం అంతా విన్నది. "ఆ రెండు రోజులూ నా వంట బాలేదనుకున్నానే తల్లీ," అంది.

బొబ్బట్లు వేయకుండా గిన్నె ఇవ్వమని గిరిధర్ బతిమాలాడు. సీతారత్నం బొబ్బట్లు విడిగా రేకులో చుట్టి ఇచ్చింది. గిన్నె ఖాళీగా ఇస్తున్నందుకు రెండుసార్లు నొచ్చుకుంది.

శనివారం ఉదయం ఇలోనా గారింటి ముందు సామాను వ్యాను ఆగి ఉంది. గిరిధర్ బయల్దేరుతుంటే సావిత్రి అడ్డంపడి గిన్నెలో పంచదార పోసింది. తెల్లావిడైతే మాత్రం వట్టి గిన్నె చేతిలో పెడతామా అంది.

ఇలోనా గారు వరండాలో కుర్చీలో ఉన్నారు. గిరిధర్ ఆమె వేలు పట్టుకుని గిన్నె బయటి వైపు గోరు జరిపించాడు. తర్వాత వెలుగుకేసి పట్టి బుడగలు చూపించాడు.

"ఫోటో చూసి మామూలు పగుళ్ళ గాజనుకోవడం నా తప్పు. ఇది ఆ కర్మాగారం పనే. ఊదింది మీ నాన్నగారా కాదా అన్నది మాత్రం గాజును చూసి చెప్పలేం."

"అది మా అమ్మ చెప్పింది," అన్నారామె. "మిగతాదే నిన్నడిగాను."

గిన్నె ఒళ్ళోకి తీసుకున్నారు. తర్వాత లోపల ఇదేమిటని అడిగారు. పంచదార అని, గిన్నె ఖాళీగా ఇవ్వకూడదని మా అత్తగారి పట్టు అని గిరిధర్ చెప్పాడు. ఆమె చిటికెడు తీసి నోట్లో వేసుకున్నారు.

గిన్నె సర్దడానికి కూతురు అట్టపెట్టె పట్టుకుని వచ్చింది. ఇలోనా గారు గిన్నె ఇవ్వలేదు. పంచదార ఒలకకుండా రెండు చేతులతో పట్టుకుని కూతురి కారెక్కారు.