రాజు చెంప మీది ఎరుపు

కూతురు పోయిన ఏడాదికి శామ్యూల్ స్టాంపుల ఆల్బమ్ తెరిచాడు. తెరవకపోతేనే బాగుండేదని మూడో పేజీ దగ్గరే అనిపించింది.

అతను మహబూబాబాద్ బస్సు డిపోలో గుమాస్తా. స్టాంపుల పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉంది. దాన్ని కూతురు ప్రవళికకూ అంటించాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే తండ్రీకూతుళ్లు చాప మీద బోర్లా పడుకుని, పాత కవర్ల మీది స్టాంపులు నానబెట్టి ఊడదీసి, ఆరబెట్టి, ఆల్బమ్‌లో అతికించేవాళ్లు. ఇంటర్ చదువుతుండగా ఆ పిల్లకు డెంగీ వచ్చింది. దవాఖానకు తీసుకుపోతే మళ్లీ ఇంటికి రాలేదు.

మూడో పేజీలో, పాత రాజు బొమ్మ ఉన్న లేత ఆకుపచ్చ స్టాంపు మీద మరక కనిపించింది. సరిగ్గా రాజు చెంప మీద, వేలి కొసంత, ఇటుక రంగులో. ఇదివరకు అది లేదు. చెమ్మ తగిలితే మచ్చలు పడతాయి, ఎండ తగిలితే రంగు వెలుస్తుంది. ఇది అలా లేదు. కిటికీ దగ్గరకు పట్టుకుపోయి తిప్పి తిప్పి చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది. జ్వరంతో పడుకున్నప్పుడు ప్రవళిక ఈ ఆల్బమ్‌ను పక్కలోనే పెట్టుకుంది. ముక్కులోంచి రక్తం కారడం మొదలైంది కూడా ఆ మంచం మీదే.

శామ్యూల్ అది బిడ్డ నెత్తురే అనుకున్నాడు. భయపడాల్సింది పోయి ఆ పేజీని గుండెకు ఆనించుకున్నాడు. పిల్లది ఏదో ఒకటి ఇంట్లో మిగిలింది.

భార్యకు మాత్రం చెప్పలేదు. పిల్లను మట్టి చేసిన వెంటనే మార్తమ్మ పిల్ల బట్టలన్నీ ఉతికి చర్చిలో పంచిపెట్టింది. అతని ముందు ఒక్కసారీ ఏడవలేదు. అది అతని మనసులో ముల్లులా దిగబడిపోయింది. అప్పటినుంచీ వాళ్ల మధ్య తిన్నావా, తిన్నాను అన్న మాటలే.

సెలవు రోజు చూసుకుని రైలెక్కి జనగామ వెళ్లాడు. అక్కడ జైపాల్ అని రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్ ఉన్నాడు. ఆయనకూ స్టాంపులంటే ప్రాణం.

"సార్, జర చూసి చెప్పున్రి. గిది నెత్తురేనా?"

జైపాల్ భూతద్దంతో చాలాసేపు చూశాడు. పుల్లకు దూది చుట్టి, నిమ్మరసంలో ముంచి, మరక అంచుకు తాకించాడు. ఎరుపు మెల్లగా పసుపు రంగుకు తిరిగింది.

"నెత్తురు కాదు శామ్యూల్, పసుపు. పసుపు మీద సబ్బు పడితే గిట్లనే ఎర్రగైతది. ఎవరో కూరచేతితోని ముట్టి, మళ్ల సబ్బుతోని తుడిచిండ్రు. పరేషాన్ గాకు. నాకిచ్చిపో, ఊడదీసి మంచిగ కడిగిస్త."

శామ్యూల్‌కు బిడ్డ రెండోసారి పోయినట్టయింది. "వద్దు సార్" అని ఆల్బమ్ చంకలో పెట్టుకుని లేచాడు. రైల్లో కూర్చున్నాక దుఃఖం కాస్తా కోపమైంది. ఇంట్లో ఉన్నది ఇద్దరే.

మార్తమ్మ వంటింట్లో బియ్యం కడుగుతోంది.

"ఆల్బం ముట్టినవా?" గుమ్మంలోంచే అడిగాడు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. "ముట్టిన. నువ్వు డ్యూటీకి పోయినంక రోజూ తీస్త."

"ఎందుకు? దాని బట్టలు పంచిపెట్టిననాడు ఏమైంది గీ ప్రేమ?"

"గా బట్టల్ల దవాఖాన వాసనే ఉండె. ఎంత ఉతికినా పోలే. అవి కండ్ల ముంగట ఉంటే నాకు పిచ్చి లేస్తుండె." కడుగు నీళ్లలోకే చూస్తూ చెప్పింది. "గీ స్టాంపుల ఎనుక కాగితం ముక్కల్ని అది నాలికతోని తడిపి అతికిస్తుండె గద. ఛీ, ఎంగిలి అని తిట్టేదాన్ని. దాని ఎంగిలి అంటిన వస్తువు ఇప్పుడు గిదొక్కటే ఉన్నది. ఒకనాడు పులుసు చేస్తుంటే మనసాగక ఉరికిన. చేతులు కడుక్కోలే. పచ్చగ అంటింది. సబ్బుతోని తుడిస్తే ఎర్రగైంది. పిల్ల సొమ్ము నా చేతులతోని ఖరాబు చేసుకున్న..."

ఆమె నేల మీద కూలబడి ఏడ్చింది. ఏడాదిగా దాచుకున్నదంతా ఒక్కసారే వచ్చింది. శామ్యూల్ పక్కన చతికిలబడ్డాడు. ఓదార్చడం చేతకాలేదు. జైపాల్ సారు ఊడదీస్తానన్నప్పుడు సరేనని ఉంటే, ఆ కాస్త ఎంగిలీ నీళ్ల పాలయ్యేది. ఆల్బమ్ తీసి ఆమె ఒళ్లో పెట్టాడు.

చాలాసేపటికి మార్తమ్మ తేరుకుని అడిగింది. "అది ఆఖరుగ అతికించింది ఏది?"

అతను పేజీలు తిప్పాడు. ఒంకర పోతోంది చూడు, అంచు పట్టుకో అని చెబుతూ కూర్చున్నాడే గానీ, ఆ పిల్ల ఏ స్టాంపు అతికించి ఆపిందో చూడనేలేదు.

"ఎరుక లేదు మార్తా."

"యాదికొస్తే చెప్పు."

"చెప్త."

గుర్తుకు రాదని ఇద్దరికీ తెలుసు. మార్తమ్మ మొదటి పేజీ తెరిచి ఒక్కో స్టాంపునూ వేలితో తాకుతూ పోయింది. శామ్యూల్ గోడకు ఆనుకుని, ఆమె వేలు ఎక్కడికి పోతే అక్కడికి చూస్తూ కూర్చున్నాడు.