ఏ పనీ లేని మనిషి

దుప్పటిని బండకేసి బాదుతున్నాను. ఒక్కో దెబ్బకి నీళ్ళు మొహం మీదికి చిమ్ముతున్నాయి. పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసి, చిరుగుతుందేమో చూసుకోండి అంది. చిరగనీ అనుకున్నాను. రాత్రి మా ఆయన పాడుచేసిన దుప్పటి అది, మిషన్లో వేస్తే వాసన ఓ పట్టాన వదలదు. కానీ బాదుతుంటే నా కళ్ళకి కనిపిస్తున్నది దుప్పటి కాదు, మనుషులు. ముందు డాక్టరమ్మ, తర్వాత నా కొడుకు, ఆఖర్న మా ఆయన. ఆయనకి నాలుగు దెబ్బలు ఎక్కువే వేశాను.

ఆయనకి పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయింది. కుడిచెయ్యి మాత్రం పెళ్ళినాడు ఎలా ఉందో అలాగే ఉంది. స్నానానికి నీళ్ళు వేడెక్కువైనా, నోట్లో పెట్టినదాంట్లో ఉప్పు తగ్గినా, నేను నిలబడ్డ చోటు నచ్చకపోయినా ఆ చెయ్యి లేస్తుంది. మొన్నామధ్య ఒళ్ళు రుద్దుతుంటే సబ్బు కంట్లో పడిందని మోచేత్తో నా రొమ్ము మీద పొడిచాడు. ప్రాణం విలవిల్లాడింది. నొప్పి తగ్గాక తడుముకుంటే లోపల గోళీలాంటి గడ్డ తగిలింది. పరీక్షలన్నీ చేసి క్యాన్సర్ అన్నారు. కాపురమంతా తిన్న దెబ్బల్లో నాకు పనికొచ్చింది అదొక్కటే.

డాక్టరమ్మ నా మనవరాలి ఈడుది. నన్ను మామ్మగారూ అని పిలుస్తుంది, మాట్లాడేది మాత్రం నా కొడుకుతో. గడ్డ ఇంకా ఎక్కడికీ పాకలేదు, వయసులో ఉన్నవాళ్ళైతే ఆలోచించకుండా కోసి తీసేద్దుం అంది. నాకు డెబ్బై దాటాయని అప్పుడు గమనించినట్టుంది, పెన్ను కింద పెట్టేసింది. ఇంట్లో ఏమైనా పనులు చేసుకోగలరా అని వాణ్ణి అడిగింది. నేను నోరు తెరిచేలోపు చక్రాల కుర్చీలోంచి మా ఆయన జవాబిచ్చాడు. ఇంట్లో ఒంటరిగా వదిలే వీల్లేక ఆయన్నీ వెంటబెట్టుకెళ్ళాం మరి.

"దానికేం పనండీ? ఇంట్లోనే పడుంటుంది."

కొడుకూ తలూపాడు. అమ్మకి ఏ పనీ ఉండదు మేడమ్, అన్నీ అవే జరిగిపోతాయి అన్నాడు. నిజమే, జరిగిపోతాయి. వాడి చొక్కా తనంతట తనే ఇస్త్రీ చేసుకుని హ్యాంగరెక్కుతుంది. వాళ్ళ నాన్న మంచం మీంచి గాల్లో తేలుతూ బాత్రూమ్‌కి వెళ్ళి, శుభ్రంగా కడుక్కుని, తేలుతూ తిరిగొస్తాడు. వాళ్ళిద్దరూ అబద్ధమాడారని నేననను. వాళ్ళ లెక్కలో అది పని కాదు, అంతే. కానీ ఆ మాట విన్న డాక్టరమ్మ, నన్ను కాళ్ళూచేతులూ ఆడక మూలన కూర్చున్న ముసలమ్మ కింద జమకట్టింది. కోత తట్టుకోలేరు, ఉన్నన్నాళ్ళు మాత్రలతో నెట్టుకొద్దాం, ఈ వయసులో ఎందుకీ హింస అంది. హింస అనే మాటని అంత మెత్తగా పలకడం నేనెక్కడా వినలేదు. ఆ బల్ల మీదున్న గాజు పలకని పిడికిలితో బద్దలు కొట్టాలనిపించింది. నిరుడు మా ఆయనకి తుంటి విరిగితే ఆయన వయసు ఎవడికి గుర్తొచ్చింది? నాకంటే పెద్దవాడు, అప్పటికే ఒకపక్క చచ్చుబడ్డవాడు. అయినా మగమనిషి నొప్పితో ఎలా పడుంటాడని కోసి, ఇనుము బిగించి, కుట్టి పంపారు.

ఆ సాయంత్రం వంటింట్లో గుమ్మడికాయ కోస్తూ, నాకు ఆపరేషన్ కావాలిరా అని కొడుక్కి చెప్పాను. వాడు ఫోన్లోంచి తలెత్తలేదు.

"డాక్టరే వద్దన్నాక ఎందుకమ్మా? నువ్వు మంచమెక్కితే నాన్నని ఎవరు చూస్తారు?"

కడుపులో ఉన్న మాట కక్కేశాడు. కత్తి గుమ్మడి చెక్కలో దిగబడిపోయింది. రెండు చేతులా పట్టి లాగాను. ఆ కాస్త సేపూ కత్తి మొనకీ వాడి మెడకీ మధ్య అడ్డంగా ఉన్నది నేను వాడికిచ్చిన పాలు మాత్రమే. ఆ పాలిచ్చిన రొమ్ము కుళ్ళిపోతోందంటే వాడి బెంగ వాళ్ళ నాన్న దుప్పట్ల గురించి. నాకు చావాలని లేదు. ఆ మాట అప్పుడే, గుమ్మడికాయ ముందు, నాకు నేను గట్టిగా చెప్పుకున్నాను.

వారం తిరక్కుండా మాత్రల కోసం మళ్ళీ తీసుకెళ్ళారు. ఏ మాత్ర ఎప్పుడు వేయాలో డాక్టరమ్మ వాడికి చెబుతోంది. నేను లేచి మా ఆయన కుర్చీ ముందుకెళ్ళాను. చంకల కింద చేతులు పోనిచ్చి, ఆయన మోకాళ్ళకి నా మోకాళ్ళు ఆనించి, రోజూ లేపినట్టే లేపాను. సిమెంటు బస్తా బరువు. ఒక్క తిప్పు తిప్పి, పేషెంట్లని పరీక్ష చేసే బల్ల మీద కూర్చోబెట్టాను. నలుగురిలో పరువు తీశానని ఆయనకి మండిపోయింది. కుడిచెయ్యి లేచి నా చెంప మీద పడింది. గదంతా మోగింది. డాక్టరమ్మ కుర్చీలోంచి సగం లేచింది.

రెండోసారి లేచిన చేతిని గాల్లోనే పట్టుకున్నాను. వంచి బల్లకేసి నొక్కాను. మణికట్టు ఎముక నా అరచేతి కింద కదిలింది. ఆయన గావుకేక పెట్టాడు. నాకు హాయిగా ఉంది, దాచడం దేనికి? అమ్మా వదులు అంటూ కొడుకు నా భుజం లాగాడు, నేను కదల్లేదు.

"ఈయన్ని రోజూ ఇలాగే ఎత్తి దించుతానమ్మా," అన్నాను డాక్టరమ్మతో. "ఈ దెబ్బలన్నీ తట్టుకున్న ఒళ్ళు నీ కత్తిని తట్టుకోదా?"

ఆవిడ నా చెంప మీద లేచిన వేళ్ళ వాతలు చూసింది. కుర్చీని నా వైపు తిప్పుకుని, ముందు రక్తం, గుండె పరీక్షలు చేయిద్దాం, అవి బాగుంటే కోసి తీసేస్తాను, మీకిష్టమేనా అని నన్నే అడిగింది. ఇష్టమే అన్నాను. అప్పుడు చెయ్యి వదిలాను.

నాన్నని కిందకి దించమ్మా అన్నాడు కొడుకు. నువ్వే దించు అని చెప్పి పక్క గదిలోకి వెళ్ళాను. రక్తం తీసే అమ్మాయి నా మోచేతి మీద పట్టీ బిగించి, సూది విప్పింది. గోడకి అవతల దభీమని చప్పుడైంది, వెంటనే మా ఆయన బూతులు, కొడుకు అరుపు. ఆ పిల్ల చెయ్యి ఆగిపోయింది. ఎవరో పడ్డట్టున్నారండీ అంది.

"పడితే లేపుకుంటార్లే. నువ్వు సూది గుచ్చు తల్లీ," అన్నాను.