ఓబులమ్మ కంబళి

ఉన్నికి మైల అంటదని అనంతయ్య చిన్నప్పుడు నాయనమ్మ నోట విన్నాడు. నూలుబట్ట అయితే తడిపి ఆరేసుకోవాలి. కంబళికి ఆ పని లేదు. ఎవరు కప్పుకున్నా, ఎవరు తాకినా అది మడే. మరి ఆ కంబళి కప్పుకున్న మనిషికి మైల ఎక్కడి నుంచి వచ్చింది? ఈ సందేహం కొన్నేళ్లుగా ఆయనను విడవలేదు. పొద్దున్నే స్నానం చేసి, పూజగదిలో నల్ల కంబళి మడిచి వేసుకుని దాని మీద కూర్చున్నప్పుడల్లా వచ్చేది. అడగడానికి తగినవాళ్లు దొరకలేదు. దొరికినా అడిగేవాడు కాడేమో.

ఆ కంబళి ఆయనది కాదు. ఓబులమ్మది.

ఓబులమ్మ పుల్లయ్య పెళ్లాం. పుల్లయ్యది కోడుమూరు పక్క పల్లె. పండిన శనక్కాయలు అనంతయ్య అంగడికే తెచ్చేవాడు. ఒకసారి మంత్రాలయం నుంచి రెండు కుటుంబాలూ ఒకే లారీ ఎక్కి వస్తుంటే దారిలో వాన పట్టుకుంది. అనంతయ్య భార్య రాజ్యలక్ష్మమ్మ జ్వరంతో వణికిపోతుంటే, ఓబులమ్మ తన భుజం మీది కంబళి తీసి ఆమెకు చుట్టింది. "మా ఒళ్లు వానకు అలవాటైండాయి లే తల్లీ" అంది.

ఇంటికొచ్చి ఆరేశారు. మంచి నేత, ఒంటికి గుచ్చుకోదు. మడికి పనికొస్తుందని అనంతయ్య పూజగదిలోకి తీసుకున్నాడు. "ఆమెది ఆమెకు ఇచ్చి రాండి" అని రాజ్యలక్ష్మమ్మ గుర్తు చేసేది. "ఈసారి పుల్లయ్య వస్తే ఇస్తాలే" అనేవాడు. పుల్లయ్య వచ్చేవాడు, పోయేవాడు.

మరుసటి చలికాలం ఓబులమ్మకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోతే, రోజూ వచ్చి సూది వేయించుకోమన్నారు. అక్కడ వర్తకుల సత్రం ఒకటి ఉంది. అది ధర్మం గంప రాబడితో కట్టింది. అంగడికి వచ్చిన ప్రతి మూటలోంచీ తూకానికి ముందు ఒక పిడికెడు తీసి ఆ గంపలో వేయడం తాతల నాటి ఆచారం. పుల్లయ్య మూటల్లోంచీ పడేది. ఆ ధైర్యంతోనే అతను సత్రంలో ఒక గది ఇప్పించమని వచ్చి అడిగాడు.

"నా చేతిలో ఏముండాదప్పా" అన్నాడు అనంతయ్య. "మావాళ్లకే అని గోడ మీద రాసిపెట్టినారు."

"పిడికెడు తీసేటప్పుడు గోడ అడ్డం రాలేదు గదా శెట్టీ" అన్నాడు పుల్లయ్య. పోయి కర్నూలు బస్టాండు దగ్గర మూసేసిన అంగడి అరుగు మీద పెళ్లాన్ని పడుకోబెట్టాడు. మార్గశిరం చలి. కప్పడానికి నూలు దుప్పటి. ఆమె ఆ అరుగు మీదే పోయింది.

కబురు విని రాజ్యలక్ష్మమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. "ఆమె కంబళి మనింట్లో ఉండాది" అంది. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. అనంతయ్యకూ ఇచ్చిరావడానికి మొహం చెల్లలేదు. మనిషి పోయాక తీసుకుపోయి, ఏమని చెప్పి ఇవ్వాలి? పుల్లయ్య మాత్రం అంగడి మార్చలేదు. కోడుమూరులో అతను ఇంకెవరి తూకమూ నమ్మడు.

కొన్నేళ్లు గడిచాయి. రెండువేల తొమ్మిదిలో ఆరోగ్యశ్రీ కర్నూలు జిల్లాలో నడుస్తోంది. తెల్లకార్డు ఉన్నవాళ్లకు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా పెద్ద ఆపరేషన్ల ఖర్చు సర్కారే కడుతుంది. అంగడి ముందు బెంచీ మీద రోజూ అదే మాట.

"తెల్లదేంది, గులాబీదేంది?" అన్నాడు రిటైరైన టీచరు గోపన్న. "జబ్బు కార్డు రంగు చూసి వస్తాదా? అగ్గిపెట్టె కొన్నా అందురమూ పన్ను కడ్తాండాం. అందురికీ సర్కారే కట్టాల. కొన్ని దేశాల్లో అట్లనే చేస్తాండారు."

"అందురికీ అంటే యాడ తెస్తారు సార్?" అన్నాడు అనంతయ్య. "ఊరికే వస్తే విలువ ఉండదు. దుడ్లు సర్కారువని తెలిస్తే అక్కరలేని కోతలు గూడా కోస్తారు. ఎవురి జబ్బుకు వాళ్లు కట్టుకోవాల. లేనోనికి మనం ధర్మం చేయాల."

పుల్లయ్య బీడీ ఆర్పాడు. "ధర్మమంటే తాళంచెవి మీ మొలలో ఉంటాది శెట్టీ. మీకు దయ పుడితే తీస్తారు. సర్కారుదైతే నేను పోయి అడగొచ్చు, ఇయ్యకుంటే కొట్లాడొచ్చు. మీతో కొట్లాడితే మళ్ల ఇత్తనాలకు అప్పు పుట్టదు."

గోపన్న పెద్దగా నవ్వాడు. అనంతయ్య నవ్వలేదు.

ఆయనది గులాబీ కార్డు. సర్వే వాళ్లు వచ్చినప్పుడు అంగడి ఉందనీ, రాబడి ఇంతనీ ఉన్నదున్నట్టు చెప్పాడు. అదే బజారులో మేడలున్నవాళ్లు తెల్లకార్డులు పుట్టించుకున్నారు. "నిజం చెప్పి బియ్యం పోగొట్టుకున్నారు" అని రాజ్యలక్ష్మమ్మ అప్పట్లో నవ్వింది.

ఆ వేసవిలోనే ఆమెకు ఆయాసం మొదలైంది. బిందె ఎత్తితే రొప్పేది. గుండెలో వాల్వు పాడైంది, మార్చాలన్నాడు కర్నూలు డాక్టరు. తెల్లకార్డు ఉందా అని అడిగాడు. లేదనగానే ఖర్చు ఒక చీటీ మీద రాసిచ్చాడు. అంగడి అమ్మితే తప్ప పుట్టని మొత్తం అది. ఆలస్యం చేయొద్దని కూడా చెప్పాడు.

సంగతి తెలిసి పుల్లయ్య ఇంటికే వచ్చాడు. తువ్వాల్లో చుట్టిన తన తెల్లకార్డు తీశాడు.

"దీంట్లో ఓబులమ్మ పేరు ఇంకా కొట్టెయ్యలేదు. ఫోటో జూడు, మొగం యాడ తెలుస్తాది? ఈడు గూడా సరిపోతాది. అమ్మను ఈ పేరు మీద చేర్పించప్పా."

అబద్ధమని అనంతయ్యకు తెలుసు. అయినా కార్డు అందుకున్నాడు. వెనక్కి ఇవ్వడానికి చెయ్యి రాలేదు.

వాకిలి పట్టుకుని నిలబడి ఉంది రాజ్యలక్ష్మమ్మ. "పుల్లన్నా" అంది. "ఆమె కంబళి మీద ఇన్నేండ్లు కూర్చున్నాం. ఇప్పుడు పేరు గూడా తీసుకోమంటావా?"

పుల్లయ్య నేల చూశాడు. "మీకు గుర్తుండాదా తల్లీ?"

"గుర్తుండబట్టే" అంది. భర్త చేతిలోంచి కార్డు తీసుకుని పుల్లయ్యకు ఇచ్చేసింది.

అనంతయ్య అంగడి అమ్మకానికి పెట్టాడు. ఎమ్మిగనూరు వ్యాపారితో బేరం కుదిరేసరికి ఆషాఢం వచ్చింది. శూన్యమాసంలో బయానా ఇవ్వననీ, శ్రావణం రాగానే మొత్తం కట్టి రాయించుకుంటాననీ అన్నాడు వ్యాపారి. ఇంకొకరైతే కాళ్లు పట్టుకునేవాళ్లు. అనంతయ్య పట్టుకోలేదు. ఆయనకూ అదే సబబనిపించింది. శూన్యమాసంలో చేతికొచ్చిన డబ్బుతో ఆమె గుండె కోయించడమా? ఇన్నాళ్లు కొలిచిన స్వామి ఒక్క నెల కాపాడడా?

"డాక్టరు పంచాంగం చూసి చెప్పినాడా అనంతయ్యా?" అన్నాడు గోపన్న.

తొలి ఏకాదశి మధ్యాహ్నం, బయట ఉక్కపోస్తుంటే, రాజ్యలక్ష్మమ్మ చలి అంది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా వణుకు తగ్గలేదు. అనంతయ్య పూజగదిలోంచి కంబళి తెచ్చి కప్పాడు. ఆమె దాని అంచు వేళ్లతో తడిమింది.

"వెచ్చగా ఉండాది" అంది. కాసేపాగి, "ఇచ్చెయ్యండి" అంది.

జీపు పిలిపించేలోపలే పోయింది.

ఏకాదశి చావు, పుణ్యాత్మురాలు అని చూడవచ్చినవాళ్లంతా అన్నారు. ఆ మాట విన్న ప్రతిసారీ అనంతయ్య లేచి పెరట్లోకి పోయాడు. కప్పిన దుప్పట్లన్నీ చాకలికి వేశారు. కంబళి మాత్రం పురోహితుడు పక్కన పెట్టించాడు. "ఉన్నికి మైల లేదు, ఉంచుకోండి" అన్నాడు. ఇన్నేళ్ల సందేహం అనంతయ్య నోటిదాకా వచ్చింది. అడగలేదు. ఇప్పుడు ఎవరు ఏం చెప్పినా ఆయనకు ఉపయోగం లేదు.

శ్రావణం రాగానే వ్యాపారి డబ్బుతో వచ్చాడు. అమ్మడం లేదని చెప్పి అనంతయ్య పంపించాడు. సత్రం కమిటీ దగ్గరికి పోయి, గోడ మీది రాత చెరిపించమని అడిగాడు. వచ్చే ఏడు చూద్దామన్నారు. బెంచీ మీద గోపన్న మళ్లీ సర్కారు మాట తీస్తే, "రంగు అడక్కుండా ఇయ్యాల సార్" అన్నాడు. "యాడ తెస్తారో నాకు ఇప్పటికీ తెల్దు. కానీ అడక్కుండా ఇయ్యాల."

ఒక పొద్దున కంబళి చంకన పెట్టుకుని నడిచి పుల్లయ్య పల్లెకు పోయాడు. పుల్లయ్య ఎద్దులకు చొప్ప వేస్తున్నాడు.

"ఇది మీది" అన్నాడు అనంతయ్య. "మా రాజ్యం పోయేటప్పుడు కప్పుకోని ఉండె. వద్దంటే చెప్పప్పా."

పుల్లయ్య చేతులు తువ్వాలకు తుడుచుకుని అందుకున్నాడు. ముఖం దగ్గర పెట్టుకున్నాడు. గొర్రె వాసన ఎప్పుడో పోయింది. కర్పూరం వాసన వచ్చింది.

"ఇద్దురూ కప్పుకోవాల్సింది శెట్టీ" అన్నాడు మెల్లగా. "ఒకరే కప్పుకున్నారు."

పుల్లయ్య కంబళి దులిపి, మడిచి, లోపలికి తీసుకుపోయి గోడకున్న మేకుకు తగిలించాడు. ఇన్నేళ్లూ ఆ మేకుకు ఇంకేదీ తగిలించలేదు.