గ్రాఫ్‌లో ఊపిరి

రంగు పూత వేసిన అల్యూమినియం రేకుల మీద ఏ జిగురు నిలుస్తుందో తేల్చడం నా పని. రేకును ఇన్‌ఫ్రారెడ్ మెషీన్‌లో పెడితే తెరమీద గ్రాఫ్ వస్తుంది. అందులో లేచిన పీకులను, అంటే గీత పైకి పొడుచుకొచ్చిన మొనలను చూసి, జిగురు పూతతో నిజంగా కలిసిందో, ఊరికే పైన కూర్చుందో చెప్పాలి. మెషీన్ పక్కన కూర్చుని మాట్లాడితే మాత్రం మన ఊపిరి కూడా ఒక పీకై లేస్తుంది.

ఆ పీకు కోసమే నా పక్క కుర్చీలో పనిచేసే జ్యోత్స్నను రోజూ తిట్టేదాన్ని. సరిగ్గా మెషీన్ నడిచేటప్పుడే ఆమెకు మాటలు గుర్తొచ్చేవి.

"జర ఆగక్కా, గీ ఒక్క ముచ్చట చెప్పి ఊకుంట."

"ముందు నోరు ముయ్యి. నీ ముచ్చటకి నా గ్రాఫ్ పాడయింది."

మూడు నెలల క్రితం ఆమె ఎదురు టవర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరింది. ఆమె చోటుకి ఎవరినీ తీసుకోలేదు. కుర్చీని కూడా పక్క సెక్షన్‌వాళ్ళు పట్టుకుపోయారు. గ్రాఫులు శుభ్రంగా వస్తున్నాయని, ప్రాణానికి హాయిగా ఉందని క్యాంటీన్‌లో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పాను.

నిన్న మేనేజర్ విశ్వేశ్వరరావుగారు నా రిపోర్టు తెరిచి ఒకచోట వేలు పెట్టారు.

"ఊపిరి పీకు మళ్ళీ వస్తోందేంటండీ కిరణ్మయిగారూ? వారం నుంచి ప్రతి గ్రాఫ్‌లోనూ ఉంది. మీ పక్కన ఎవరు కూర్చుంటున్నారో గానీ, వాళ్ళని కాస్త మాట్లాడొద్దని చెప్పండి."

"అలాగేనండి," అన్నాను. "చెబుతాను." మెషీన్ దగ్గర ఇప్పుడు కూర్చునేది నేనొక్కదాన్నే.